దీపిక: కేరళ కతోలిక దినపత్రిక

దీపిక కొట్టాయం కేంద్రంగా మలయాళంలో వెలువడే దినపత్రిక. 1887 ఏప్రిల్ 15న ‘నస్రాణి దీపిక’ అన్న పేరుతో, కొట్టాయానికి దగ్గరలోని మన్నానం గ్రామంలో, ఒక సన్యాసుల మఠానికి చెందిన అచ్చుకూటంలో పుట్టింది. నేటికీ నడుస్తున్న మలయాళ దినపత్రికల్లో వయసులో ఇదే పెద్దది. మలయాళ మనోరమ తొలి సంచిక దీని తర్వాత మూడేళ్లకు, 1890 మార్చిలో వచ్చింది. క్రీస్తు శిష్యుడైన తోమా స్వయంగా వచ్చి తమకు మతం బోధించాడని నమ్మే కేరళ క్రైస్తవులను నస్రాణులని, సిరియన్ క్రైస్తవులని అంటారు. పత్రిక వారి పేరుతో మొదలైంది. వారి బడులు, పొలాలు, చర్చి తగాదాలు, ఎన్నికల పోరాటాలు అన్నీ దాని పుటల్లోకి వచ్చాయి.

మత సంస్థ నడిపే పత్రిక అనగానే, పైనుంచి వచ్చిన ఆజ్ఞలను కింద చదివి వినిపించేదని చాలామంది అనుకుంటారు. దీపిక పుట్టుకకు ఆ మాట అతకదు. తమ మీద పెత్తనం చేస్తున్న విదేశీ బిషప్పుల స్థానంలో తమవాళ్లు కావాలని విశ్వాసులు గొంతెత్తిన రోజుల్లో, ఆ గొంతుగా వచ్చిన పత్రిక ఇది. దాని చరిత్రను అర్థం చేసుకోవడానికి పత్రిక కంటే నలభై ఏళ్ల ముందు పుట్టిన అచ్చుకూటం దగ్గర మొదలుపెట్టాలి.

మన్నానం అచ్చుకూటం

1831లో మన్నానం కొండ మీద కేరళ కతోలికుల తొలి స్వదేశీ సన్యాసుల సభ ఏర్పడింది. నేడు దాన్ని సీఎంఐ సభ అంటున్నారు. దాని స్థాపకుల్లో ఒకరు కురియాకోస్ ఏలియాస్ చావర (1805–1871). 2014 నవంబరులో ఆయనను కతోలిక శ్రీసభ పునీతుడిగా ప్రకటించింది. భక్తి గ్రంథాలు, ప్రార్థన పుస్తకాలు మలయాళంలో అచ్చు వేయించాలన్నది చావర పట్టుదల. కొట్టాయంలో అప్పటికే ఒక అచ్చుకూటం ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్ మిషనరీ బెంజమిన్ బెయిలీ దాన్ని 1821లో నెలకొల్పాడు. మలయాళ బైబిలు, నిఘంటువులు అక్కడి నుంచే వచ్చాయి. ఆ స్థాయి పరికరాలు కొనే డబ్బు మన్నానం మఠానికి లేదు.

చావర తిరువనంతపురం వెళ్లి ప్రభుత్వ ముద్రణాలయంలో యంత్రం పనిచేసే తీరు దగ్గరుండి చూశారు. తిరిగివచ్చాక అరటి బోదెను చెక్కి ఆ యంత్రానికి నమూనా తయారుచేశారని, దాన్ని చూపించి వడ్రంగి చేత చెక్కతో అసలు యంత్రం చేయించారని మఠంవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అలా 1846లో సెయింట్ జోసెఫ్ ముద్రణాలయం మొదలైంది. ‘జ్ఞానపీయూషం’ అనే ప్రార్థన పుస్తకం అక్కడ అచ్చయిన తొలి గ్రంథం. విదేశీ మిషనరీల సొమ్ముగానీ, సర్కారు సాయంగానీ లేకుండా కేరళవాళ్లు తమకు తాముగా కట్టుకున్న అచ్చుకూటం కావడం దీని విశేషం. ఆ ఏడాదే మన్నానంలో సంస్కృత పాఠశాల తెరిచారు. కింది కులాలుగా చూడబడినవారి పిల్లలకూ అందులో చోటిచ్చారు. తర్వాత చావర సిరియన్ కతోలికులకు వికార్ జనరల్ హోదాలో, అంటే బిషప్ తరఫున పాలన చూసే గురువుగా, ప్రతి చర్చి పక్కనా ఒక బడి పెట్టాలని ఆదేశించారు. పత్రిక రావడానికి చాలా ముందే పత్రిక చదవగల జనాన్ని తయారుచేసింది ఈ బడులే. నస్రాణి దీపిక వెనుక ఏ జమీందారూ, ఏ వ్యాపారీ లేకపోయినా అది నిలదొక్కుకోవడానికి ముఖ్య కారణం ఇక్కడే ఉంది: అచ్చు యంత్రం సొంతం, పనిచేసే సన్యాసులకు జీతాల్లేవు, చందాదారులు చర్చిల చుట్టూ ఉన్న ఊళ్లలోనే ఉన్నారు.

సొంత బిషప్ కోసం

పత్రిక తొలి సంపాదకుడు నిధీరిక్కల్ మాణి కత్తనార్ (1842–1904). కత్తనార్ అంటే కేరళ సిరియన్ క్రైస్తవుల్లో చర్చి గురువు. కురవిలంగాడుకు చెందిన ఈయన బహుభాషావేత్త, గొప్ప వక్త. ఈయన కాలపు అసంతృప్తికి మూలం చాలా వెనక ఉంది. పోర్చుగీసువారు 1599లో ఉదయంపేరూరులో జరిపిన సభ తర్వాత కేరళ సిరియన్ క్రైస్తవుల మీద లత్తీను ఆచారానికి, అంటే రోము ఆరాధన పద్ధతికి, చెందిన యూరప్ బిషప్పుల అధికారం స్థిరపడింది. దాన్ని ఎదిరించి 1653లో మట్టాంచేరి చర్చి వద్ద జనం శిలువకు కట్టిన తాడు పట్టుకుని ప్రమాణం చేశారు. సమాజం రెండుగా చీలింది. కతోలికులుగా ఉండిపోయిన భాగం రోముకు విధేయంగా ఉంటూనే, తమ భాష, తమ ఆచారం తెలిసిన బిషప్‌ను ఇమ్మని రెండు శతాబ్దాలపాటు అడుగుతూ వచ్చింది. అర్జీలు పట్టుకుని ఓడలెక్కి రోము దాకా వెళ్లినవాళ్లున్నారు. 1861లో రోకోస్, 1874లో మేలూస్ అనే ఇద్దరు బిషప్పులు పశ్చిమాసియా నుంచి వచ్చినప్పుడు, రోము అనుమతి లేకపోయినా వేలమంది వారి వెంట నడిచారు. సొంత ఆచారం మీద జనానికి ఎంత మమకారముందో దీన్నిబట్టి తెలుస్తుంది. రోకోస్ వెంట పోయిన చర్చిలను తిరిగి రోము వైపు తీసుకొచ్చింది చావరే.

1870లలో ఈ సన్యాసుల సభకే చెందిన ఏడుగురు, తమ ఆచారానికి చెందిన బిషప్‌ను నియమించమని రోముకు విన్నపం పంపారు. ఆ నేరానికి వారిని సభ నుంచి తొలగించారు. అప్పటికి వరాపుళలోని లత్తీను అధికారులకు ‘సత్యనాదకాహళం’ అనే పత్రిక ఉంది. అది 1876 నుంచి కూనమ్మావు నుంచి వెలువడుతోంది. సిరియన్ కతోలికులకు మాత్రం తమ వాదన వినిపించే వేదిక లేదు. మరోవైపు మాణి కత్తనార్, యాకోబీయ సిరియన్ల పెద్ద పులిక్కోట్టిల్ మార్ దివన్నాసియోస్‌తో కలిసి ‘నస్రాణి జాత్యైక్య సంఘం’ నడిపారు. 1653 నుంచి విడిపోయి ఉన్న రెండు శాఖలూ ఒకే తాటి మీదకు రావాలని, కళాశాలలు, వ్యాపారాలు కలిసి పెట్టాలని దాని ఆశయం. నస్రాణి దీపిక పుట్టిన వాతావరణం ఇది. పేరులో ‘కతోలిక’ అన్న మాట రాకుండా ‘నస్రాణి’ అని రావడానికి అర్థం కూడా ఈ సందర్భంలోనే దొరుకుతుంది. ఒక్క శాఖకు పరిమితం కాని సమాజాన్ని అది ఉద్దేశించింది.

తొలి సంచిక వెలువడిన అయిదు వారాలకు, 1887 మే 20న, పోప్ పదమూడో లియో సిరియన్ కతోలికులను లత్తీను మేత్రాసనం (బిషప్ పాలనా ప్రాంతం) నుంచి వేరుచేసి త్రిస్సూరు, కొట్టాయం పేర్లతో రెండు ప్రత్యేక పాలనా ప్రాంతాలు ఏర్పాటు చేశారు. సగం కోరిక తీరింది. అయితే పంపిన ఇద్దరు బిషప్పులూ లత్తీనువారే. కొట్టాయానికి వచ్చిన బిషప్ లవీన్యే ఫ్రాన్సు దేశస్థుడు. మాణి కత్తనార్ ఆయన దగ్గర కొంతకాలం వికార్ జనరల్‌గా పనిచేశారు. చివరకు 1896లో చంగనాచేరి, ఎర్నాకుళం, త్రిస్సూరులకు ముగ్గురు మలయాళీలను బిషప్పులుగా నియమించారు. ఎర్నాకుళం బిషప్ అయిన లూయిస్ పళేపరంబిల్, ఇరవై ఏళ్ల క్రితం సభ నుంచి వెలివేసిన ఏడుగురిలో ఒకరు. ఈ ముగ్గురిలో మాణి కత్తనార్ పేరు లేదు. ఉద్యమానికి ముందు నిలిచిన మనిషికి దాని ఫలం అందలేదు. కేరళ చర్చి చరిత్రలో ఆయన పట్ల జరిగిన అన్యాయం ఇదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తిరువితాంకూరు రాజకీయాల్లో

పత్రిక చర్చి వ్యవహారాలకే పరిమితం కాలేదు. తిరువితాంకూరు సంస్థానంలో పెద్ద ఉద్యోగాలు ఎక్కువగా బయటి నుంచి వచ్చిన బ్రాహ్మణుల చేతుల్లో ఉండేవి. స్థానికులకు ప్రాతినిధ్యం కావాలంటూ 1891 జనవరిలో మహారాజు శ్రీమూలం తిరునాళ్‌కు సమర్పించిన ‘మలయాళీ మెమోరియల్’ మీద పదివేలమందికి పైగా సంతకాలు చేశారు. నాయర్లు, ఈళవులు, క్రైస్తవులు కలిసి వేసిన తొలి పెద్ద అడుగు అది. దానిలో ముందున్న క్రైస్తవ నాయకుల్లో మాణి కత్తనార్ ఒకరు. సమాజాల వారీగా పత్రికలు పుట్టిన కాలం అది. ఈళవుల ఉద్యమానికి 1911లో కేరళ కౌముది, జాతీయోద్యమానికి 1923లో మాతృభూమి వచ్చాయి. ఏ సమాజం గొంతు ఆ సమాజానికి ఉండేది. వాటి మధ్య వాదోపవాదాల్లోంచే కేరళలో ప్రజాభిప్రాయం అన్నది రూపుదిద్దుకుంది.

పత్రిక మొదట్లో పక్షానికోసారి వచ్చేది. పాఠకులు పెరిగేకొద్దీ సంచికల మధ్య ఎడం తగ్గుతూ వచ్చి, 1927లో దినపత్రిక అయింది. 1930ల తొలినాళ్లలో ఈళవులు, క్రైస్తవులు, ముస్లింలు కలిసి జరిపిన నివర్తన ఉద్యమంలో పత్రిక ఉద్యమం పక్షాన నిలిచింది. జనాభాలో తమ వాటాకు తగినట్లు శాసనసభలో, ఉద్యోగాల్లో చోటివ్వని ఎన్నికలను బహిష్కరించడం ఆ ఉద్యమ రూపం. ఫలితంగా పబ్లిక్ సర్వీస్ కమిషనర్‌ను నియమించారు, తర్వాత ఓటు హక్కు విస్తరించింది.

ఇక దివాన్ సర్ సి.పి. రామస్వామి అయ్యర్ కాలం పత్రికలకు గడ్డుకాలం. 1938 సెప్టెంబరులో మలయాళ మనోరమ కార్యాలయానికి సీలు వేశారు. దాని అధిపతి మామ్మెన్ మాప్పిళ్లైని జైల్లో పెట్టారు, ఆయన కుటుంబానికి సంబంధమున్న బ్యాంకు మూతపడింది. మనోరమ మళ్లీ మామూలుగా రావడానికి 1947 దాకా పట్టింది. ఈ గడ్డుకాలంలోనే నస్రాణి దీపిక 1939లో మన్నానం వదిలి కొట్టాయం పట్టణానికి మారింది. పేరు ‘దీపిక’గా కుదించుకుంది. కొండ మీది మఠం పత్రిక పట్టణం పత్రికగా మారడం పైకి కనిపించేదానికంటే పెద్ద మార్పు. రైలు, రోడ్డు, తంతి, కోర్టులు, కాలేజీలు అన్నీ అందుబాటులో ఉన్నచోట వార్త వేగమే వేరు. 1945లో దివాన్ ప్రాథమిక విద్యను ప్రభుత్వపరం చేయాలని చూసినప్పుడు, చంగనాచేరి బిషప్ జేమ్స్ కాళాచ్చేరి విశ్వాసులకు బహిరంగ లేఖ రాసి ఎదిరించారు. దివాన్ వెనక్కి తగ్గారు. చర్చి బడుల జోలికొస్తే ఏమవుతుందో ఆ రోజే తేలిపోయింది.

విమోచన సమరం

దీపిక చరిత్రలో అన్నిటికన్నా వివాదాస్పదమైన ఘట్టం 1957–59 నాటిది. 1957 ఏప్రిల్‌లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ముఖ్యమంత్రిగా కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి స్వయంగా త్రిస్సూరుకు చెందిన కతోలికుడు, పేరున్న సాహిత్య విమర్శకుడు. ఆయన తెచ్చిన విద్యా బిల్లు ప్రైవేటు బడుల్లో ఉపాధ్యాయుల నియామకం మీద, జీతాల చెల్లింపు మీద ప్రభుత్వానికి అధికారమిచ్చింది. అవసరమైతే బడుల నిర్వహణనే స్వాధీనం చేసుకునే వీలు కల్పించింది. బిల్లును రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయం కోసం పంపారు. 1958 మే 22న కోర్టు ఇచ్చిన అభిప్రాయం మైనారిటీ విద్యాసంస్థల హక్కులపై నేటికీ ప్రస్తావనకు వచ్చే తీర్పుల్లో ఒకటి.

చర్చి, నాయర్ సర్వీస్ సొసైటీ, కాంగ్రెస్, ముస్లిం లీగ్ కలిసి ప్రభుత్వం మీద జరిపిన ఆందోళనకు విమోచన సమరమని పేరు. 1959 జూన్ 13 రాత్రి అంగమాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. జులై 31న కేంద్రం రాష్ట్ర ప్రభుత్వాన్ని రద్దుచేసింది. ఈ మొత్తం కాలంలో దీపిక ఆందోళన పక్షానికి ప్రధాన ఆయుధంగా పనిచేసింది. అంతకు ముందు డెబ్బయ్యేళ్లూ అధికారం లేనివాళ్ల తరఫున అధికారాన్ని ప్రశ్నించిన పత్రిక, ఈసారి తమ సంస్థల యాజమాన్య హక్కు కోసం ఎన్నికైన ప్రభుత్వాన్ని దించే పోరాటానికి గొంతునిచ్చింది. బిల్లులో ప్రైవేటు టీచర్లకు నెలనెలా జీతం నేరుగా ప్రభుత్వం చెల్లించే ఏర్పాటు ఉంది. యాజమాన్యాల దయమీద బతుకుతున్న వేలాది మంది ఉపాధ్యాయులకు అది ఎంతో మేలు చేసే అంశం. వాళ్లలో కతోలికులూ చాలామందే. వాళ్ల గొంతు సొంత సమాజపు పత్రికలో తగినంత వినిపించకపోవడం ఆ కాలపు లోటుగానే చెప్పాలి. మైనారిటీ హక్కుల వాదనలో న్యాయముందన్నది నిజం. ఆ వాదన వినిపించిన తీరులో అవతలివారికి చోటు లేకపోవడమూ అంతే నిజం.

రెండేళ్లు తిరక్కుండానే రాజకీయం ఎంత మారిందో చెప్పడానికి ఒక ఉదాహరణ. 1961లో ఇడుక్కి ప్రాజెక్టు కోసం హైరేంజి కొండ ప్రాంతంలోని అయ్యప్పన్‌కోవిల్ నుంచి రైతు కుటుంబాలను ఖాళీ చేయించి అమరావతి అనే చోట పడేశారు. ఆ కుటుంబాల కోసం నిరాహారదీక్ష చేసింది కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్. ఆయనకు తోడుగా నిలిచింది కమ్యూనిస్టు వ్యతిరేక ఉద్యమంలో పేరు తెచ్చుకున్న కతోలిక గురువు జోసెఫ్ వడక్కన్.

రైతు ఇల్లు, పిల్లల సంఘం

దీపిక పాఠకుల పునాది మధ్య తిరువితాంకూరు రైతు కుటుంబాలు. రబ్బరు, మిరియాలు, కొబ్బరి, ఏలకులు పండించేవాళ్లు. 1920ల నుంచి వీరిలో వేలమంది మధ్య కేరళలో పొలాలమ్ముకుని ఉత్తరాన మలబారు కొండలకు వలసపోయారు. అడవి కొట్టి, మలేరియాతో పోరాడి, కొత్త ఊళ్లు కట్టుకున్నారు. చర్చి వాళ్ల వెంట వెళ్లింది, పత్రికా వెళ్లింది. కాలక్రమంలో కన్నూరు, కోళికోడు, త్రిస్సూరు, కొచ్చి, తిరువనంతపురం నుంచీ దీపిక అచ్చవుతోంది. రైతుల కోసం ‘కర్షకన్’ అనే మాసపత్రిక నడుపుతోంది.

1950ల తొలి సంవత్సరాల్లో మొదలైన ‘దీపిక చిల్డ్రన్స్ లీగ్’ కేరళలోని బడిపిల్లల సంఘాల్లో పేరున్నది. డీసీఎల్ అని అందరూ పిలుస్తారు. ‘కొచ్చేట్టన్’ పేరుతో, అంటే చిన్నన్నయ్య పేరుతో, పత్రికలో పిల్లలకు ఉత్తరం వస్తుంది. సంపాదకులు మారినా ఆ పేరు మారలేదు. చదవడం నేర్చుకునే వయసులోనే పిల్లవాడి చేతికి పత్రికను అందించిన తెలివైన ఆలోచన ఇది. కవితల పోటీలు, ఉపన్యాసాలు, శిబిరాల ద్వారా ఇందులో తర్ఫీదు పొందినవారు తర్వాత వేర్వేరు రంగాల్లో రాణించారు. పత్రికకు దక్కిన జనాభిమానంలో సంపాదకీయాల వాటా ఎంతో, కొచ్చేట్టన్ ఉత్తరాల వాటా అంతకు తక్కువేమీ కాదు.

యాజమాన్యం చేతులు మారిన కాలం

నూరేళ్లపాటు సన్యాసుల చేతిలో నడిచిన పత్రికకు 1980ల నాటికి కొత్త చిక్కులొచ్చాయి. ఆఫ్‌సెట్ యంత్రాలు, రంగుల పుటలు, జిల్లాకో ఎడిషన్ అంటూ మనోరమ, మాతృభూమి పెట్టుబడులు గుమ్మరిస్తుంటే, మఠం ఆదాయంతో పోటీపడటం కుదరని పని. 1989లో పత్రికను ‘రాష్ట్ర దీపిక’ అనే పబ్లిక్ లిమిటెడ్ కంపెనీకి అప్పగించారు. వాటాదారుల్లో మేత్రాసనాలు, మఠ సభలు, సామాన్య విశ్వాసులు ఉన్నారు. అదే పేరుతో సాయంకాల పత్రిక వచ్చింది, సినిమా వారపత్రిక వచ్చింది. 1997లో ఇంటర్నెట్‌లో అడుగుపెట్టి, మలయాళ పత్రికల్లో అందరికన్నా ముందు ఆ దారి పట్టినదిగా పేరు తెచ్చుకుంది. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మలయాళీ నర్సులు, ఇంజనీర్లు ఊరి వార్తల కోసం దాన్ని తెరిచేవారు.

అయినా అప్పులు తీరలేదు. 2000ల మధ్యలో బయటి వ్యాపారవేత్త ఒకరి పెట్టుబడి కంపెనీలోకి వచ్చి, పాలనా పగ్గాలు ఆయన చేతికి వెళ్లాయి. కతోలిక సమాజంలో దుమారం రేగింది. చర్చి వైఖరికి పొసగని రాతలు చర్చి పత్రికలోనే వస్తున్నాయని గురువులు, పాఠకులు ప్రశ్నించారు. పత్రిక ఎవరిది అన్న చర్చ ముదిరింది. 2007లో చర్చి వర్గాలు డబ్బు సమకూర్చి యాజమాన్యాన్ని తిరిగి తెచ్చుకున్నాయి. ఈ ఉదంతం నుంచి ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది. చర్చి పెద్దలు ఆర్థికపరంగా చేసిన నిర్ణయానికి అభ్యంతరం మొదట కింద నుంచే వచ్చింది. 1887లో మాణి కత్తనార్ చుట్టూ చేరిన జనం ఎలా ప్రశ్నించారో, పాఠకులు నూట ఇరవై ఏళ్ల తర్వాతా అలాగే ప్రశ్నించారు.

తెలుగు నేలతో సంబంధం

తెలుగువారికి దీపిక పేరు కొత్తగా అనిపించవచ్చు గాని, అది ప్రాతినిధ్యం వహించే సీరో మలబార్ చర్చి, అంటే కేరళ సిరియన్ కతోలికుల చర్చి, తెలుగు నేలకు కొత్త కాదు. ఆదిలాబాదులో 1999 నుంచి ఆ చర్చికి మేత్రాసనం ఉంది. ఆ జిల్లాలో బడులు, ఆసుపత్రులు నడిపే మలయాళీ గురువుల్లో మన్నానం మఠ సభకు చెందిన సీఎంఐవారూ ఉన్నారు. 2017 అక్టోబరులో శంషాబాదు కేంద్రంగా మరో మేత్రాసనం ఏర్పడింది. దాని తొలి బిషప్ రాఫెల్ తట్టిల్ 2024 జనవరిలో మొత్తం సీరో మలబార్ చర్చికి అధిపతిగా, అంటే మేజర్ ఆర్చిబిషప్‌గా, ఎన్నికయ్యారు. ఆయనను ఎన్నుకున్నది ఆ చర్చి బిషప్పుల సభే.

తెలుగు పత్రికల చరిత్రలోనూ క్రైస్తవుల పాత్ర మొదటి నుంచీ ఉంది. 1835 నాటి బళ్లారి ‘సత్యదూత’ను తెలుగులో తొలి పత్రికగా చెబుతారు. అయితే మన పత్రికా చరిత్ర పాఠాల్లో పక్క రాష్ట్రాల పత్రికల ప్రస్తావన తక్కువ. జర్నలిజం విద్యార్థులు, సామాజిక చరిత్ర మీద పనిచేసేవారు నస్రాణి దీపిక పాత సంచికలను చూడటం అవసరం. కులం, మతం, ఉద్యోగాలు, బడులు, భూమి అనే అయిదు విషయాల చుట్టూ ఒక దక్షిణాది సమాజం నూట ముప్పయ్యేళ్లకు పైగా తనతో తాను ఏం వాదించుకుందో ఇంత వరుసగా నమోదైన చోట్లు మన దేశంలో ఎక్కువ లేవు.